వాగు ఒడ్డున పన్నెండు గుంటలు

ఖమ్మం జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం వచ్చింది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది. ముఖ్యమైన సంగతులు ఇవి.

మున్నేరులో కలిసే ఒక చిన్న వాగు పక్కన ఆమెకు మూడెకరాల పట్టా భూమి ఉంది. భర్త చనిపోయి ఆరేళ్ళయింది. అప్పటి నుంచి బావగారు, అంటే భర్త అన్నగారు, ఆ భూమిని ఎకరానికి 15 వేల కౌలుకు చేస్తున్నారు. ఎక్కువ పత్తి, కొంత మిర్చి. కూతురు డిగ్రీ చదువుతోంది. కొడుకు ఐటీఐ ముగించి ఇంటి దగ్గర ఉన్నాడు.

పొలానికి దక్షిణపు అంచు వాగే. దాదాపు 150 మీటర్ల పొడవు. భర్త ఉన్నప్పుడు ఆ ఒడ్డంతా కానుగలు, ఈతలు, వావిలి పొదలు, రెల్లు. "సద్దులు అక్కడే తినేవాళ్ళం" అని రాశారు. 2023 ఎండాకాలంలో బావగారు పొక్లెయిన్ పెట్టి అదంతా పీకించి, వాగు అంచు దాకా దున్నించారు. "నన్ను అడగలేదు, పని అయ్యాక చెప్పారు" అంటున్నారు ఆమె. నాలుగు సాళ్ళ పత్తి ఎక్కువ వచ్చింది, ఆ ఒక్క ఏడాది. 2024 ఆగస్టు 31 రాత్రి, మున్నేరు ఖమ్మం పట్టణాన్ని ముంచిన ఆ వానకే, ఈ వాగూ పొంగింది. ఒడ్డు విరిగి ఎనిమిది గుంటల నేల, అంటే ఎకరంలో అయిదో వంతు, కొట్టుకుపోయింది. ఇంకో అరెకరంలో ఇసుక మేట వేసింది.

ఇప్పుడు ఆమె ఆ అంచున కొంత నేల వదిలి మళ్ళీ చెట్లు పెట్టాలనుకుంటున్నారు. బావగారు ఒప్పుకోవడం లేదు. ఆయన మాటలు ఆమె రాసినవి రాసినట్టే ఇస్తున్నాను. "వదిలిన నేలకు కౌలు ఎవరు కడతారు? పొద పెరిగితే అడవి పందులు, పాములు. బఫర్ అని పేరు పెట్టినవంటే రేపు సర్కారోళ్ళు వచ్చి గీత గీసి తీసుకుంటరు. రైతు భరోసా నీ ఖాతాల పడుతది, మట్టి పిసికేది నేను."

కొడుకు అక్కడ జామాయిల్ వేద్దామంటున్నాడు. కూతురు, పోయిన ఏడాది వాగులో చేపలు చచ్చి తేలాయనీ, పెదనాన్న మందు డ్రమ్ములు వాగులోనే కడుగుతున్నారనీ ఆయన ముఖం మీదే అనేసింది. అప్పటి నుంచి తోటికోడలు కూడా మాట్లాడటం మానేసింది. "అక్కతో నాకు మాటల్లేని రోజు ఇన్నేళ్ళలో లేదు. ఇప్పుడు పదిహేను రోజులైంది. రాత్రి నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్."

ఆమె అడిగినవి: నేను మొండికేస్తున్నానా? చెట్లు పెడితే ఒడ్డు నిజంగా ఆగుతుందా? బావగారితో తెగేదాకా లాగకుండా దారి ఉందా? ఇంకో చిన్న ప్రశ్న కూడా ఉంది: పీకించిన కానుగల్లో ఒక మొద్దు మిగిలింది, చిగుళ్ళు వేస్తోంది, మందు కొట్టి చంపమంటున్నారు, ఉంచనా?

అమ్మా,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఇది వాగు గొడవ అనుకున్నాను. మళ్ళీ చదివితే మూడు ముడులు కనిపించాయి. ఒకటి నేల, ఒకటి డబ్బు, ఒకటి మాట. మూడూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని, మీ ఇంట్లో అందరూ చెట్ల పేరు మీద వేరే వేరే సంగతుల గురించి పోట్లాడుకుంటున్నారు. వీటిని విడదీయకుండా మీరు రేపు పోయి నాలుగు మొక్కలు నాటినా, అవి బావగారికి మొక్కల్లా కనిపించవు, తన మీద గెలుపులా కనిపిస్తాయి.

మీరు మొండికేయడం లేదు. భూమి మీది, కోసుకుపోయిన ఎనిమిది గుంటలూ మీవి. ఉన్నది నిలబెట్టుకోవాలని అనుకోవడం మొండితనం ఎలా అవుతుంది? కానీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "కౌలు మాత్రం ఎప్పటిలాగే మూడెకరాలకు ఇస్తున్నారు" అన్నారు. అంటే వాగులో కలిసిపోయిన ఎనిమిది గుంటలకు కూడా ఆయన కౌలు కడుతున్నారు. ఎకరానికి 40 గుంటలు, 15 వేలు. గుంటకు 375. ఎనిమిది గుంటలకు ఏడాదికి 3 వేలు. లేని నేలకు ఆయన 3 వేలు ఇస్తున్నారు. ఇసుక మేట తీయించిన ఖర్చు ఎవరు పెట్టుకున్నారో మీరు రాయలేదు. ఆయనే పెట్టుకుని ఉంటే ఆ బాధ కూడా ఉంటుంది. పైన రైతు భరోసా, సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, సీజనుకు ఎకరానికి 6 వేలు, పట్టా ఉన్నవారికే వస్తుంది. అది మీ తప్పు కాదు. ఆ పథకం కౌలు రైతుకు దక్కేలా లేదు. కానీ ఎండలో నిలబడి మందు కొట్టే మనిషికి ఆ లెక్క రోజూ గుచ్చుతూనే ఉంటుంది. ఆయన "వదిలిన నేలకు కౌలు ఎవరు కడతారు" అని అడిగినప్పుడు అది చెట్లను కాదనడం అనుకున్నారు మీరు. నాకది న్యాయమైన ప్రశ్నలాగే అనిపించింది.

చెప్పకుండా ఒడ్డు పీకించడం మాత్రం తప్పే. ఆ మాట కూడా చెప్పాలి, దాచనక్కర్లేదు. ఎప్పుడు, ఎవరి ద్వారా చెప్పాలన్నది తర్వాత చెబుతాను.

ముందు ఒడ్డు సంగతి. చెట్లు పెడితే ఆగుతుందా అన్నారు.

2024లో వచ్చినంత వరదను ఏ చెట్టూ ఆపుతుందని నేను మాట ఇవ్వను. ఆ రాత్రి మహబూబాబాద్ దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. కానీ మీ ఒడ్డు ఆ ఒక్క రాత్రిలో బలహీనపడలేదు. ఏడాది ముందే పడింది. రెల్లు, వావిలి, కానుగ వేళ్ళు ఒడ్డు మట్టిని బుట్ట అల్లినట్టు పట్టుకుని ఉంటాయి. పొక్లెయిన్ ఆ బుట్టను పీకేసింది. పత్తి వేరు ఆ పని చేయదు, పైగా అది ఏడాది పంట. తర్వాత నీళ్ళు ఒడ్డు అడుగును తొలిచాయి, పైన బరువు ఆగక మట్టి పెళ్ళలుగా విరిగింది. పొద ఉంటే నష్టం అసలు ఉండేది కాదని అనను. వరద ఒడ్డు మీదికి ఎక్కినా, గడ్డీ పొదలూ ఉన్నచోట నీటి వేగం తగ్గుతుంది, నేల కోతకు గురికావడం చాలావరకు తగ్గుతుంది. ఇక ఏటా వచ్చే మామూలు వానలకు జరిగే కోత ఉంది చూశారా, ఎవరూ లెక్కపెట్టనిది, దాన్ని మాత్రం ఆ వేళ్ళు బాగా ఆపుతాయి.

ఒడ్డు నిలబెట్టడం ఆ అంచు చేసే పనుల్లో ఒకటి మాత్రమే. వాన పడ్డప్పుడు మీ చేలోంచి వాగులోకి ఏం పోతుందో ఒకసారి నిలబడి చూడండి. ఎర్రటి నీళ్ళు పోతాయి. అది మీ పై మట్టి. డీఏపీ ఎరువులోని భాస్వరం మట్టిని అంటుకుని దాంతోపాటే పోతుంది. గుబురుగా పెరిగిన గడ్డి మూడు నాలుగు మీటర్ల వెడల్పున ఉన్నా ఆ మట్టిలో చాలా భాగం అక్కడే దిగబడుతుంది. యూరియా వేరు. అది నీళ్ళలో కరిగి నేల లోపలి నుంచి వాగుకు చేరుతుంది, పైన గడ్డి చూసి ఆగదు. దాన్ని పట్టుకునేవి లోతుకు పోయే చెట్ల వేళ్ళూ, ఆ తేమ నేలలో ఉండే సూక్ష్మజీవులూ. అందుకే గడ్డి, పొద, చెట్టు మూడూ ఉండాలంటారు.

ఎంత వెడల్పు వదలాలి? నీళ్ళలోని ప్రాణులన్నీ బాగుండాలంటే 30 మీటర్లు కావాలని ఈ విషయం చదివినవాళ్ళు అంటారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 2015లో చట్టం చేసి, అక్కడి నదులూ చెరువుల వెంట రైతులు సగటున 50 అడుగులు వదలాలంది. ఐరోపాలో సాయం తీసుకునే రైతులు వాగుల వెంట కనీసం 3 మీటర్ల అంచున ఎరువులు, పురుగుమందులు వాడకూడదన్న నిబంధన ఉంది. అక్కడి కమతాలు వేరు. మూడెకరాల రైతును 30 మీటర్లు వదలమంటే ఎకరం పైనే పోతుంది. ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. 8 మీటర్లు వదిలితే, 150 మీటర్ల పొడవుకు 1200 చదరపు మీటర్లు. పన్నెండు గుంటలు. కౌలు లెక్కన ఏడాదికి 4500 రూపాయలు. మీ గొడవంతా ఈ 4500 గురించే. అంకె ముందుంటే మాట్లాడుకోవడం తేలిక.

ఇక బావగారి భయాలు. వాటిని కొట్టిపారేయకండి.

అడవి పందుల మాట నిజం. చిక్కటి కంప ఉంటే పగలు అందులో పడుకుంటాయి. అవి ఎక్కువగా పాడుచేసేది మొక్కజొన్న, వేరుశనగ, వరి. పత్తి, మిర్చి జోలికి అంతగా పోవు. మీరు పంట మారిస్తే ఈ లెక్క మారుతుంది, అది గుర్తుంచుకోండి. వాటికి బాగా నచ్చేది సర్కారు తుమ్మ. అది అడుగు నుంచే ముళ్ళతో అల్లుకుంటుంది. మనం పెట్టే అంచులో అది మొలిస్తే మొలకలోనే పీకేయాలి. చేను వైపు రెండు మీటర్లు గడ్డి మాత్రమే ఉంచి, దాన్ని పశువులకు కోస్తూ ఉంటే అవతల ఏముందో కనిపిస్తుంది. చెట్ల కింది కొమ్మలు మనిషెత్తు దాకా కొట్టేయాలి. పందుల కోసం కరెంటు తీగ మాత్రం పెట్టనివ్వకండి, ఎవరు చెప్పినా సరే. ఆ తీగలకు ఏటా మనుషులు చనిపోతున్నారు.

పాములు ఉంటాయి. ఇప్పుడూ ఉన్నాయి, ఎలుకల కోసం చేలోకే వస్తున్నాయి. అదే అంచున గుడ్లగూబ వాలితే అది తినేదీ ఎలుకలనే. చేను వైపు గడ్డి కోసి ఉంచడం, చీకట్లో టార్చి, కాళ్ళకు బూట్లు. దీనికి ఇంతకంటే మంత్రం లేదు.

బఫర్ అన్న మాటకు ఆయన భయపడటంలో ఆశ్చర్యం లేదు. 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఆ మాట వింటే కూల్చివేతలే గుర్తొస్తున్నాయి అందరికీ. ఆ బఫర్ నిబంధనలు చెరువులూ నాలాల పక్కన ఖాళీగా ఉంచాల్సిన జాగాలో కట్టే కట్టడాలకు సంబంధించినవి. హైడ్రా పరిధి అవుటర్ రింగ్ రోడ్డు లోపల. మీ పట్టాలో మీరు చెట్టు పెట్టినంత మాత్రాన పట్టా మారదు, పాసుపుస్తకంలో ఒక్క గుంట తగ్గదు. అయినా ఆ మాట ఇంట్లో వాడకండి. మన పెద్దలు దాన్ని ఒడ్డు అన్నారు, మీరూ ఒడ్డు అనండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పెద్ద చెట్లు పెంచాక వాటిని కొట్టాలంటే నీరు, నేల, చెట్లను కాపాడటానికి చేసిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అడగాల్సి రావచ్చు. ఇది మొదటే తెలిసి ఉండాలి.

సర్వే చేయించమని మీకు ఎవరో సలహా ఇచ్చారని రాశారు. చేయిస్తే మీ హద్దు ఎక్కడో, వాగు పోరంబోకు ఎక్కడో తేలుతుంది. అది మంచిదే. కానీ వరదకు వాగు జరిగింది కదా, గొలుసు పట్టుకుంటే మీ పొలమే కాదు, పక్కనున్న బావగారి సొంత పొలం కూడా కొంత పోరంబోకులో తేలవచ్చు. అప్పుడు ఆయన దాన్ని సర్వే అనుకోరు, మీరు ఫిర్యాదు చేశారనుకుంటారు. ఈ ఏడాది చెట్లు పెట్టడానికి సర్వే అవసరం లేదు, మీరు ఇప్పటిదాకా దున్నుతున్న నేలలోనే పెడుతున్నారు. మాటలు కలిశాక ఇద్దరూ కలిసి చేయించుకోవచ్చు. ఇంకోటి. ఈత చెట్లు కొట్టాలంటే ఎక్సైజ్ వాళ్ళ అనుమతి కావాలి, ఆయన తీసుకోలేదని మీకు ఎవరైనా చెబితే దాన్ని ఆయుధంగా వాడకండి. ఆ మాట ఒక్కసారి నోటి నుంచి వస్తే తోటికోడలితో మాటలు ఇంకో పదిహేనేళ్ళు రావు.

మీ అబ్బాయి జామాయిల్ ఆలోచన తప్పని అనను. దానికి కొనేవాళ్ళున్నారు, కూలీల బెడద తక్కువ, పని వెతుక్కుంటున్న పిల్లవాడికి నాలుగేళ్ళకు చేతికొచ్చే డబ్బు కనిపిస్తుంది. కానీ ఆ చోటుకు అది తగదు. దాని కింద గడ్డి సరిగా పెరగదు, నేల నగ్నంగా ఉంటుంది, మట్టిని పట్టేది ఆ గడ్డే కదా. నరికిన ఏడాది వాగు పొంగితే ఒడ్డు మళ్ళీ బోసిగా దొరుకుతుంది. సుబాబుల్ కూడా నయమేం కాదు, దాని గింజలు నీళ్ళతో కింది ఊళ్ళదాకా పోయి మొలుస్తాయి. అబ్బాయికి అంత ఆసక్తి ఉంటే ఎక్కడైనా ఎత్తు మీద చెలక చూసుకోమనండి. ఈ ఒడ్డున అతనికి వేరే పని ఉంది, చెబుతాను.

మీ అమ్మాయి చూసింది నిజమే, చెప్పిన తీరు పెద్దవాళ్ళకు నొప్పి కలిగించి ఉంటుంది. ఆ చేపలు ఎందుకు చచ్చాయో మీ ఉత్తరం చదివి నేను తేల్చలేను. ఎండాకాలపు మడుగులో నీళ్ళు వేడెక్కి ప్రాణవాయువు తగ్గినా చస్తాయి, పురుగుమందు కలిసినా చస్తాయి. కానీ డ్రమ్ము కడగడం గురించి అనుమానం అక్కర్లేదు. ఆ నీళ్ళు కింది ఊరి గొడ్లు తాగుతున్నాయి. 2021లో నల్ల తామర పురుగు మిర్చిని తినేసినప్పటి నుంచి రైతులు భయంతో మందు మీద మందు కొడుతున్నారు, అందులో బావగారి తప్పు ఒక్కటే లేదు. ఒడ్డున ఎంత అడవి పెంచినా నేరుగా వాగులో కడిగిన డ్రమ్మును అది ఆపలేదు. దీనికి ఖర్చు లేని దారి ఉంది. నీళ్ళు బిందెలతో తోడి, వాగుకు యాభై అడుగుల అవతల, చేలోనే మందు కలపాలి. డబ్బా మూడుసార్లు కడిగి ఆ కడుగునీళ్ళు స్ప్రేయర్‌లోనే పోయాలి, ఆ మందు కూడా పంటకే పోతుంది, డబ్బు కలిసొస్తుంది. ఈ మాట అమ్మాయి నోటి నుంచి కాదు, వీలైతే మీ ఊరి వ్యవసాయ విస్తరణ అధికారి నోటి నుంచి వస్తే మంచిది.

చెట్లు పెరిగితే ఆ నీళ్ళకు నీడ వస్తుంది. నీడ ఉన్న మడుగులో నీళ్ళు చల్లగా ఉంటాయి. రాలిన ఆకు మీద పురుగులు, పురుగుల మీద చేపలు బతుకుతాయి. కొర్రమీను ఒడ్డు పక్క గడ్డి చాటునే పిల్లల్ని కాచుకుంటుంది. ఈత కొమ్మ నీళ్ళ మీదికి వంగి ఉంటే గిజిగాడు గూడు కడుతుంది, కింద నీళ్ళుంటే పాము ఎక్కదని. మీరు చిన్నప్పుడు ఆ గూళ్ళు చూసే ఉంటారు. ఒడ్డులో ఎక్కడైనా నిటారుగా గట్టి మట్టి ఉంటే దాన్నంతా పొదలతో కప్పేయకండి, లకుముకి పిట్ట బొరియ చేసుకునేది అలాంటి చోటే.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

8 మీటర్లు ఈ ఏడాదే వదిలి, మొత్తం నాటడం ఒకటి. ఒడ్డుకు ఇది అన్నిటికంటే మంచిది. కౌలు 4500 తగ్గుతుంది, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ళు పోసే చాకిరీ ఉంటుంది, బావగారు మనసులో ఒప్పుకోకపోతే ఒక రోజు ఆయన మేకలే అందులో పడతాయి. నా సొంత అనుభవం చెబుతాను. మా ఊరి వాగు పక్కన అరవై మొక్కలు పెట్టాను. పక్కవాళ్ళతో ఒక్క మాట మాట్లాడలేదు. మొదటి సంక్రాంతికి తొమ్మిది మిగిలాయి. మేకలు తిన్నాయి, నిజమే, కానీ వాటిని అటు తోలింది మనుషులు.

రెండోది, 3 మీటర్లు గడ్డి అంచు మొత్తం పొడవునా, విరిగిన చోట మాత్రం 8 మీటర్లు చెట్లతో. దీనికి అయిదారు గుంటలు చాలు. చేలోంచి పోయే మట్టి బాగా ఆగుతుంది, గడ్డి పశువులకు వస్తుంది, బావగారికి నష్టం చాలా తక్కువ. ఒడ్డు మిగతాచోట్ల మాత్రం కొంత భయం ఉంటుంది, పిట్టలకూ చేపలకూ దక్కేది తక్కువ. రెండేళ్ళు చూసి పెంచుకోవచ్చు.

మూడోది కౌలు మాన్పించి మీరే చేసుకోవడమో, వేరేవాళ్ళకు ఇవ్వడమో. హక్కు మీకుంది. కానీ మూడెకరాల పత్తి చేయించడం ఒంటరి మనిషికి ఎంత కష్టమో మీకు తెలుసు. కొత్త కౌలుదారు ఒడ్డును ఇంకా బాగా చూస్తాడన్న నమ్మకమూ లేదు, అతనికి ఒక్క ఏడాది పంటే లెక్క. కుటుంబం విరుగుతుంది. చివరికి తప్పకపోతే చూడండి.

ఏమీ చేయకుండా వదిలేయడం కూడా ఒక దారే. నాలుగు సాళ్ళు వస్తాయి, ఇంట్లో మాటలు కలుస్తాయి. తర్వాతి పెద్ద వాన దాకా.

నేనైతే రెండోదానితో మొదలుపెట్టి మొదటిదాని వైపు నడుస్తాను. మీ ఇంటి సంగతులు మీకు ఎక్కువ తెలుసు.

నాటే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెబుతాను, చాలామంది ఇక్కడే నష్టపోతారు. వాగు గర్భంలో ఏమీ నాటవద్దు. నీళ్ళ దారికి అడ్డు పడితే ప్రవాహం అవతలి ఒడ్డును కోస్తుంది, కొత్త గొడవ. విరిగి నిటారుగా ఉన్న చోట సరిగ్గా అంచున పెద్ద చెట్టు పెట్టవద్దు, దాని బరువుకే ఒడ్డు కూలుతుంది. అక్కడ ముందు మట్టిని వాలుగా దిగగొట్టి, అడుగున వావిలి కొమ్మలు గుచ్చండి. తేమ ఉంటే కొమ్మే వేరు పోస్తుంది. దానిపైన వట్టివేరు వరుసలు, వాలుకు అడ్డంగా, పిలకకూ పిలకకూ జానెడు లోపు. దాని వేళ్ళు నేరుగా కిందికి రెండు మూడు మీటర్లు పోతాయి. రెల్లు, తుంగ వాటంతటవే వస్తాయి, పీకకుండా ఉంటే చాలు. చెట్లు అంచుకు రెండు మూడు మీటర్ల వెనక. ఏరుమద్ది, కానుగ, నేరేడు, మేడి, మధ్యలో ఈతలు. ఇవన్నీ వాగు ఒడ్డున పుట్టి పెరిగే జాతులే, నాలుగు రోజులు వేళ్ళు నీళ్ళలో మునిగినా తట్టుకుంటాయి. కానుగనూ వావిలినీ మేకలు పెద్దగా ముట్టవు, అందుకే చేను వైపు బయటి వరుసలో అవే ఎక్కువ పెట్టండి. పంచాయతీ నర్సరీలో వీటిలో కొన్ని దొరుకుతాయి, ముందే వెళ్ళి చెప్పుకోవాలి. లేకపోతే రోడ్డు పక్క పూల మొక్కలు అంటగడతారు.

మీ వాగు పొలానికి దక్షిణాన ఉంది కాబట్టి నీడ సంగతి చూసుకోవాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, నీడ మీ చేలోకే పడుతుంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం పది మీటర్ల చెట్టు నీడ ఎనిమిదిన్నర మీటర్లు ఉత్తరంగా సాగుతుంది. అంటే పొడవు చెట్లు వీలైనంత వాగు వైపు, పొట్టివి చేను వైపు. అయినా మొదటి రెండు మూడు సాళ్ళలో దిగుబడి కొంత తగ్గుతుంది. ఆ సంగతి బావగారికి ముందే చెప్పండి, తర్వాత ఆయన కనిపెట్టకూడదు. ఆ సాళ్ళలో పశుగ్రాసం వేసుకోమనండి.

చేలో నీళ్ళన్నీ ఒక చోట కాలువ కట్టి వాగులోకి దూకుతుంటే, ఒడ్డు మొత్తం నాటినా ఆ ఒక్క చోటే గండి పడుతుంది. పెద్ద వానలో గొడుగు వేసుకుని వెళ్ళి ఆ చోటు చూడండి. అక్కడ రాళ్ళు పేర్చి, మీద రెండు మూడు వరుసలు వట్టివేరు. పశువులు నీళ్ళకు దిగడానికి ఒకే ఒక రేవు వదిలి, దానికి రాళ్ళు పరచండి. దారి లేకపోతే అవి ప్రతిచోటా ఒడ్డు తొక్కి విరుస్తాయి. మిగతా అంచుకు రెండేళ్ళు ముళ్ళకంప కట్టాలి. ఈ కంప, నీళ్ళు, రేవు పని మీ అబ్బాయికి అప్పగించండి, కూలి ఇచ్చి మరీ. ఎవరి చాకిరీ అయినా ఊరికే వద్దు.

ఇక మాట సంగతి. బావగారి దగ్గరకు నేరుగా వెళ్ళకండి. ముందు అక్క దగ్గరకు వెళ్ళండి. పదిహేను రోజుల మౌనం మీకెంత బరువో ఆమెకూ అంతే. చెట్ల మాట ఎత్తకుండా, "పోయిన నేలకు కూడా మీరు కౌలు ఇస్తున్నారు, నేను చూసుకోలేదు, ఈ ఏడాది నుంచి ఆ 3 వేలు తీసేయండి" అనండి. పిల్ల అన్న మాటకు నొచ్చుకోవద్దని చెప్పండి. ఆ తర్వాత అక్క ముందే బావగారితో, "ఒడ్డు నన్ను అడిగి తీయించి ఉంటే బాగుండేది బావా, ఇక మీద ఒడ్డు మీద పని ఏదైనా ఇద్దరం అనుకునే చేద్దాం" అని ఒక్కసారి, నెమ్మదిగా చెప్పండి. మళ్ళీ మళ్ళీ తవ్వకండి. తర్వాత ఇద్దరూ కలిసి వాగు దగ్గరకు వెళ్ళి, తాడు పట్టి కొలవండి. ఎక్కడ మూడు, ఎక్కడ ఎనిమిది అన్నది ఆయన్నే గుర్తు పెట్టమనండి. ఆ అంచున కోసే గడ్డి ఆయనదే అని చెప్పండి.

డబ్బు లెక్క మీ వైపు నుంచి చూద్దాం. ఇప్పుడు కౌలు 45 వేలు, రైతు భరోసా ఏడాదికి 36 వేలు, మొత్తం 81 వేలు. పోయిన ఎనిమిది గుంటలు, వదిలే పన్నెండు గుంటలు తీసేస్తే కౌలు 37,500 అవుతుంది. ఏడాదికి 7500 తగ్గుతుంది. పిల్లల్ని చదివిస్తున్న ఇంటికి అది చిన్న మొత్తం కాదు. రెండో దారిలో వెళితే 5 వేల దగ్గర ఆగుతుంది. ఏది భరించగలరో రాత్రి కూర్చుని పిల్లలిద్దరితో లెక్క వేసుకోండి, అమ్మాయికీ అబ్బాయికీ ఈ అంకెలు తెలియాలి. భరించలేమనుకుంటే మొదటి ఏడాది విరిగిన చోటు ఒక్కటే చేయండి, తప్పు లేదు. ఏం అనుకున్నా జూన్‌లో మొదటి గట్టి వానకు గుంతలు సిద్ధంగా ఉండాలి, ఆగస్టు దాటితే మొక్క ఎండాకాలానికి వేరు పట్టదు.

చివరగా ఆ మొద్దు. ఉంచండి. మందు కొట్టనివ్వకండి. కానుగ మొద్దు నుంచి బాగా చిగురించే చెట్టు, దాని పాత వేళ్ళు ఇంకా మట్టిలో ఉన్నాయి, కొత్తగా నాటిన మొక్కకంటే చాలా తొందరగా లేస్తుంది. చుట్టూ రెండడుగుల దూరంలో కంప వేయండి. ఈ ఏడాది వచ్చిన చిగుళ్ళన్నీ రానివ్వండి. వచ్చే ఎండాకాలం ముందు గట్టివి రెండు ఉంచి మిగతావి కోసేయండి. కోసిన ఆకు పచ్చిరొట్టగా చేలో తొక్కవచ్చు.